బొట్టు పెట్టిన హార్డ్‌డిస్క్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివాక నన్ను ఏమైనా అనుకోండి, ఆ ఒక్క మాట మాత్రం ముందే రాసి పెడుతున్నాను. కిరాయి తక్కువని శ్మశానం పక్కన రెండేళ్లు కాపురం చేసినవాణ్ణి. అన్నాళ్లలో అక్కడ నన్ను పీడించినవి దోమలే.

నా పని మోటార్ల వైండింగ్. కాలిపోయిన మోటారు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న షాపు. చదువు తొమ్మిదితో ఆగింది. పదో తరగతికీ నాకూ పరిచయం కాలేదు. కానీ సెలవు దొరికితే ఇంట్లో పాత కంప్యూటర్లు ముందేసుకుని, విండోస్ తీసేసి, ఊరికే దొరికే లినక్స్ ఎక్కిస్తుంటాను. తుక్కుకి పోవాల్సిన డబ్బా కూడా లినక్స్‌తో లేచి నడుస్తుంది. పైగా లోపల ఏం జరుగుతోందో దాచదు. ఏ పని ఎన్ని గంటలకు చేసిందో వరసగా రాసి చూపిస్తుంది. మా ఆవిడ నా ఆదివారాలను శవపరీక్షలు అంటుంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్నప్పటి మాట ఇది. ఎల్బీనగర్ దగ్గర ఒక కాలనీలో పై పోర్షన్‌లో ఉండేవాళ్లం. మాది నల్గొండ దగ్గర పల్లె. ఓనర్లది గుంటూరు వైపు. ఓనరు అంకుల్ అంతకు ముందు చలికాలంలో గుండెపోటుతో పోయారు. కింద ఆంటీ, వాళ్లమ్మాయి శ్రావణి మిగిలారు.

శ్రావణికి మంగళవారం ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. ఇక్కడే చదివినట్టు కాగితాలు చూపిస్తేనే లోకల్. లేకపోతే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ స్టడీ సర్టిఫికెట్లున్న కవరును, అంకుల్ అల్మారా సర్దుతూ ఆంటీ పాత పేపర్లవాడికి వేసేసింది. స్కూలు ఎప్పుడో మూతపడింది. దాని రిజిస్టర్లు మండల విద్యాశాఖ ఆఫీసులో ఉన్నాయి గానీ, అడ్మిషన్ నంబరు లేనిదే వెతకం అన్నారు. అంకుల్ అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచారు. ఆ కంప్యూటర్ ఆయన పోయినప్పటి నుంచి లేవలేదు.

శనివారం బంద్. పొద్దున చౌరస్తాలో రాస్తారోకోలో కూర్చుని గొంతు పోయేదాకా అరిచి, మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ పట్టుకుని కింది పోర్షన్‌కి వెళ్లాను.

“ఏమయ్యా మల్లేశం, పొద్దున మమ్మల్ని పొమ్మని అరిచొచ్చి, ఇప్పుడు మా పిల్లను లోకల్ చేస్తావా?” అంది ఆంటీ.

“పొమ్మన్నది మిమ్ముల గాదు ఆంటీ. మీరు పోతే గీ కిరాయికి నాకు ఇల్లెవరిస్తరు?”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. “ఆ కవరు నా చేతులతోనే పడేశాను బాబూ. సీటు పోతే పిల్ల మొహం ఎలా చూడను?”

“సోమవారం పొద్దుగాలకల్ల నంబర్ మీ చేతుల పెడ్త,” అన్నాను. అనేశాక ఇక వెనక్కి పోయేది లేదు.

డబ్బా విప్పితే లోపల హార్డ్‌డిస్క్‌కి బొట్టు. అంకుల్ దసరా ఆయుధపూజలో కంప్యూటర్ పైన బొట్టు పెట్టి ఊరుకోలేదు, మూత తీసి లోపలి సామాన్లకీ పెట్టారు. అదీ ఎక్కడ? డిస్క్‌కి గాలాడే సన్నటి రంధ్రం ఉంటుంది, మూయొద్దని దాని పక్కనే రాసి ఉంటుంది. సరిగ్గా దానిమీద. నేను గుడ్డ తడిపి పసుపూ కుంకుమా శుభ్రంగా తుడిచేశాను.

ఆంటీ మొహం వాడిపోయింది. “అది ఆయన పెట్టిన చివరి బొట్టయ్యా. మళ్లీ పెట్టి మొదలుపెట్టు.”

“బొట్టుతోని నడిచేదుంటే నా షాపుల ఒక్క మోటర్ గూడ కాలకపోవు ఆంటీ. పోయిన దసరాకు అన్నిటికి పెట్టిన.”

ఆమె నవ్వలేదు. నేను డిస్క్ తీసుకుని పైకి వచ్చేశాను.

నా లినక్స్ మెషిన్‌కి దాన్ని తగిలించి, మొత్తం కాపీ చేయమని ఆజ్ఞ ఇచ్చాను. పదకొండు శాతం దగ్గర టిక్కు టిక్కుమని ఆగిపోయింది. వైరు మార్చాను. డిస్క్‌ను తలకిందులుగా పెట్టాను. ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టి తీశాను. శనివారం ఐదుసార్లు, ఆదివారం పొద్దున మూడుసార్లు. ప్రతిసారీ పదకొండే. నాకూ మొండితనం ఎక్కింది.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఐదుకి తొమ్మిదోసారి మొదలుపెట్టాను. ఒకటీ నలభైకి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలి కరెంటు పోయింది. నా దగ్గర యూపీఎస్ లేదు, ఇన్వర్టర్ లేదు. స్క్రీన్ ఆరిపోవడం, ఫ్యాన్ నిలిచిపోవడం నా కళ్లతో చూశాను. అప్పటికీ పదకొండు శాతమే. మా ఆవిడ వాళ్ల చెల్లెలి ఇంటికి వనస్థలిపురం వెళ్లింది. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వీధి చివరికి పోయాను. కరెంటు పని తెలిసినవాణ్ణని లైన్‌మన్ నన్ను నిచ్చెన పట్టుకోమన్నాడు. కరెంటు వచ్చేసరికి నాలుగుంపావు. అంతదాకా మా వీధిలో ఒక్క బల్బు వెలగలేదు.

పైకొచ్చి తాళం తీశాను. డిస్క్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. గది ఉక్కకు వచ్చిన వెచ్చదనం కాదు, పక్కనున్న నా డిస్క్ చల్లగానే ఉంది.

మెషిన్ ఆన్ చేసి లినక్స్ రాసుకున్న చిట్టా తెరిచాను. ఒకటీ నలభై దగ్గర అది తెగిపోయి ఉండాలి. తెగలేదు. ఒకటీ నలభై ఒకటి, పన్నెండు శాతం. అట్లా నిమిషానికో వరస. చివరి వరస మూడూ యాభై రెండు. కాపీ పూర్తి, తప్పులు సున్నా.

ఫోల్డర్‌లో స్కాన్‌లన్నీ ఉన్నాయి. అడ్మిషన్ నంబరు కాగితం మీద రాసి ఆంటీ చేతిలో పెడితే, ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. సోమవారం డూప్లికేట్ ఇచ్చారు. మంగళవారం శ్రావణి లోకల్ అయ్యింది. సీటు వచ్చింది.

నేను ఊరికే వదల్లేదు. మెషిన్ గడియారం ఫోన్‌తో పోల్చి చూశాను, సరిగ్గా ఉంది. తాళానికి రెండో చెవి మా ఆవిడ దగ్గర వనస్థలిపురంలో ఉంది. అదే డిస్క్‌తో ఇంకో ఏడు ఆదివారాలు కుస్తీ పట్టాను. మళ్లీ ఒక్కసారి కూడా తిరగలేదు. చిట్టాను లినక్స్ బాగా తెలిసినాయనకు చూపిస్తే, “ఇది నువ్వే టైప్ చేసినవ్ గదా,” అన్నాడు. అంత తెలివే ఉంటే పదో తరగతి మెమో టైప్ చేసుకునేవాణ్ణి.

దయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ రెండు గంటల పన్నెండు నిమిషాలు కరెంటు ఎక్కడిదో మాత్రం చెప్పలేను.

ఆ దసరాకి షాపులో మోటార్లన్నిటికీ బొట్లు పెట్టాక, ఇంటికొచ్చి ఆ డిస్క్‌కీ పెట్టాను. సరిగ్గా ఆ రంధ్రం మీదే. తుడిచింది నేను కాబట్టి.