లేహ్ నుంచి కడపకు మూడు గంటలు

అక్టోబరు నెలాఖరున లేహ్‌లో దిగాం. విమానం తలుపు తీయగానే గాలి చెంపల మీద కొట్టింది. ఎండ ఉంది, వేడి లేదు. నాలుగడుగులకే ఆయాసం. నాది కర్నూలు దగ్గర పల్లె. మంచును చూడటం అదే మొదలు.

మా సైనిక పోస్టు పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున. ఒక బంకరు, ఒక కిరోసిన్ పొయ్యి, ఆరుగురం. నేను వైర్‌లెస్ ఆపరేటర్ని. బ్యాటరీలు గడ్డకట్టకుండా నిద్రసంచిలో పెట్టుకుని పడుకునేవాణ్ణి. నా పక్కన ఓబులేసు, సర్వే విభాగంలో నాయక్ హోదా, రాజంపేటవాడు. ఫిరంగులకు దూరాలు కొలిచి చెప్పడం అతని పని. అక్కడ తెలుగువాళ్లం మేమిద్దరమే.

ఒక మధ్యాహ్నం దేశపటం పరిచి, లేహ్ నుంచి కడపకు స్కేలు పెట్టాడు.

"రెండు వేల రెన్నూర్ల కిలోమీటర్లప్పా. నేరుగా ఇమానముంటే మూడు గంటలు."

"నేరుగా యాడుండాది? ఢిల్లీలో దిగల్ల, హైదరాబాదులో మారల్ల. పొద్దంతా పడతాది."

"అదంతా నాగరత్నకు చెప్తామా?" అని నవ్వాడు.

ఫోను దొరికినప్పుడు భార్య నాగరత్నతో అదే అన్నాడు. "మూడు గంటల దోవే మే. పిలిస్తే వస్తా." ఆ తర్వాత ఎప్పుడు మాట్లాడినా ఆమె అడిగేది, ఇంకా మూడు గంటలేనా అని. "ఒక్క నిమిషం గూడా పెరగల్యా" అనేవాడు.

ఏప్రిల్లో మంచు ఆగకుండా కురిసింది. బంకరు కప్పు మీది మంచు తవ్విపోసి వచ్చిన ఓబులేసు దగ్గడం మొదలుపెట్టాడు. తెల్లారేసరికి నోట నురగ, అందులో నెత్తురు. నర్సింగ్ సహాయకుడు వీపుకు చెవి ఆనించాడు.

"ఊపిరితిత్తుల్లో నీరు. వెంటనే కిందికి దింపాలి."

వైర్‌లెస్ సెట్‌లో లేహ్‌ను పిలిచాను. "హెలికాప్టర్ పంపండి. ఆక్సిజన్ అయిపోతోంది."

"సిద్ధంగా ఉంది. లోయ కనబడటం లేదు. ఆగండి."

మళ్లీ మళ్లీ అడిగాను. అదే జవాబు. లేహ్ నుంచి మా పోస్టుకు హెలికాప్టర్‌లో అరగంట. ఆ అరగంట దాటి ఎవరూ రాలేకపోయారు.

మోసుకుపోదామని నలుగురం స్ట్రెచర్ ఎత్తాం. నడుంలోతు మంచు. మొదటి మలుపు కూడా దాటలేక వెనక్కి తెచ్చాం. ఓబులేసు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటికి చెప్పొద్దప్పా. బయపడతాది."

మధ్యాహ్నానికి ఆ పట్టు వదిలిపోయింది. మర్నాడు ఆకాశం నీలంగా తేలింది. హెలికాప్టర్ వచ్చింది.

తోడుగా నన్నే పంపారు. ఢిల్లీ, హైదరాబాదు, కడప. ఓబులేసు ఉన్న పెట్టె కింద సామాన్ల అరలో, నేను పైన సీట్లో. నీళ్లు తెచ్చిన అమ్మాయి "సెలవు మీద వెళ్తున్నారా సార్?" అంది. తలూపాను.

కడపలో ఎండ మండిపోతోంది. నాగరత్న ఏడవలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మూడు గంటలే గదన్నా. బతికుండంగానే ఎందుకు తోడుకరాకపోతిరి?"

మంచు గురించి, లోయ గురించి చెప్పబోయాను.

నేను సైన్యం వదిలి ఇంటికొచ్చేశాను. అక్కడి మంచు ఎలా ఉంటుందని ఊళ్లోవాళ్లు అడుగుతారు. నాకు గుర్తొచ్చేది మంచు కాదు.

ఆ రోజు కడపలో పెట్టె దించాక నాగరత్న దాని మీద చెయ్యి వేసి, ఉలిక్కిపడి తీసింది. విమానం అరలోని చలి ఇంకా పోలేదు. చెక్క చెమర్చి ఉంది.

"శానా సల్లగుండాడన్నా."

కొంగు విప్పి పెట్టె మీద కప్పింది. అది సగానికే వచ్చింది. జెండా పట్టుకున్న జవాన్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆ నిప్పుల ఎండలో, ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ, ఎవరి దగ్గరన్నా దుప్పటి ఉందా అని ఆమె అడుగుతూనే ఉంది.