ముఖం చూసి మాట్లాడే బడి

ఆ బడికి నన్ను పంపింది ఒక ఫారం నింపడానికి. పిల్లలు తక్కువగా ఉన్న హైస్కూళ్లు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని జిల్లా ఆఫీసు వాళ్లు టౌన్లో పనిచేసే కొందరు టీచర్లకు మూడు రోజుల డ్యూటీ వేశారు. నాకు బోధన్ దాటాక మంజీర వైపు పోయే రోడ్డు మీద ఒక చిన్న ఊరు వచ్చింది. ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులూ కలిపితే అరవై మంది పిల్లలు. ఆరుగురు టీచర్లు, వంట చేసే ఒక అవ్వ.

నేను నిజామాబాద్‌లో తెలుగు టీచర్ని. ఇరవై ఏళ్ల సర్వీసు. అప్పటికి ఏడెనిమిదేళ్లుగా ఒక సంగతి దాచుకుని తిరుగుతున్నాను. నాకు ఎడమ చెవి దాదాపు వినిపించదు. కుడి చెవి కూడా మెల్లగా తగ్గుతోంది. స్టాఫ్‌రూంలో ఎడమ గోడకు ఆనుకుని ఉన్న కుర్చీ నాదే. అందులో కూర్చుంటే మాట్లాడేవాళ్లంతా నాకు కుడి వైపే ఉంటారు. క్లాసులో ఎవరైనా ఏదైనా అడిగితే, అర్థం కాకపోయినా "నోట్‌బుక్‌లో రాసి చూపించు" అనేదాన్ని. నలుగురూ నవ్వినప్పుడు నేనూ నవ్వేదాన్ని, ఒక్క క్షణం ఆలస్యంగా. పిలిస్తే పలకనని, పొగరని వెనక అనుకునేవాళ్లట. పొగరు అనుకున్నా పరవాలేదు, చెవిటిది అనుకోకపోతే చాలనుకున్నాను.

మొదటి రోజు ప్రార్థన వేళకు చేరుకున్నాను. చెరకు కొట్టే రోజులు. బడి గోడ పక్కనే రోడ్డు, దాని మీద చెరకు ట్రాక్టర్లు పెద్దగా పాటలు పెట్టుకుని పోతున్నాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పేపర్ చదివింది. మా బడిలో అయితే వార్తలు చదివే పిల్లల ముఖం పేపర్ వెనక ఉంటుంది. ఈ అమ్మాయి పేపర్‌ను ఛాతీ దాకా దించి, ఒక వాక్యం చూసుకుని, తల ఎత్తి మాకు చెప్పింది. మళ్లీ చూసుకుని, మళ్లీ తల ఎత్తి చెప్పింది. నాకు ప్రతి మాటా అందింది. పల్లె కదా, గాలి తేటగా ఉంటుంది, అందుకే కాబోలు అనుకున్నాను.

సైన్స్ క్లాసులో వెనక కూర్చున్నాను. బెంచీలు వరుసగా కాకుండా నెలవంకలా వేసి ఉన్నాయి. సారు యువకుడు. బోర్డు మీద రాస్తున్నంతసేపూ ఒక్క ముక్క మాట్లాడలేదు. రాయడం అయ్యాక చాక్‌పీసు పెట్టేసి, మా వైపు తిరిగి, అందరినీ ఒకసారి చూసి, అప్పుడు చెప్పాడు. నన్ను చూసి బెరుకు పడుతున్నాడేమో అనుకున్నాను. జవాబు చెప్పే పిల్లలు లేచి, సారు వైపు కాకుండా తరగతి వైపు తిరిగి చెప్పారు. పీరియడ్ అయిపోయిందని బెల్లు కొట్టగానే ఒక అమ్మాయి ఎర్ర గుడ్డ ఊపుకుంటూ వరండా వెంట నడిచింది. ఆటల పోటీలు ఉన్నాయి కాబోలని ఫారం వెనక రాసుకున్నాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర పిల్లలు నాకు కుర్చీ వేసి, దగ్గరగా చేరి కూర్చున్నారు.

"మేడమ్, మీ బడిల ఎంతమంది?" అని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది.

"ఏడు వందలు."

"ఏడు వందలా! మరి అందరి పేర్లు ఎట్ల యాదికుంటయి?"

"ఉండవు" అన్నాను.

ఆ పిల్ల పాపం అన్నట్టు నన్ను చూసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వాళ్లతో పాటే. ఒక జోకును అందరితో పాటు సమయానికి అందుకుని ఎన్నేళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

రెండో రోజు ఎనిమిదో తరగతిలో ఒక మరాఠీ పిల్లను చూశాను. చెరకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన వాళ్ల బిడ్డ. వాళ్ల గుడిసెలు ఊరి బయట చెరకు చేను పక్కనే ఉన్నాయి. వచ్చి నెల కూడా కాలేదు. తెలుగు రాదు. లెక్కల మేడమ్ భిన్నాలు చెప్పి కూర్చోగానే పక్కనున్న అమ్మాయి ఆ పిల్ల భుజం తట్టి, తన వైపు తిరిగేదాకా ఆగింది. తిరిగాక సంచిలోంచి చెరకు ముక్క తీసి కణుపులు చూపించింది.

"ఇగో, సూడు. ఎన్ని కణుపులు? ఐదు. గిండ్ల రెండు నాకు. మరి నీకు?"

ఆ పిల్ల మూడు వేళ్లు చూపించింది.

"ఆఁ, ఐదిట్ల మూడు. రాయి."

పలకరింపుకీ పాఠానికీ మధ్య ఎక్కడా తొందర లేదు. పెదవులు కనిపించేలా, ఒక్కో మాట విడమరిచి చెబుతోంది. మరాఠీ పిల్ల రాసి, "సమజ్లా" అంది. అర్థమైందనడానికి మేం ఇక్కడ సమజైంది అంటాం. వాళ్ల మాటా మా మాటా అక్కడ కలిశాయి. తరగతిలో అందరూ ఒకేసారి "సమజ్లా!" అన్నారు. వెక్కిరింపు కాదు. ఆ పిల్ల సిగ్గుపడి చెరకు ముక్క నోట్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రం నిజామాబాద్ బస్సులో కండక్టర్ నా ఎడమ వైపు వచ్చి నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. అతను భుజం మీద టికెట్ మిషన్‌తో తట్టేదాకా నాకు తెలియలేదు.

"ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు సూపెట్టుమని మూడుసార్లు అడిగిన. ఇనొస్తలేదా మేడమ్?"

బస్సంతా నా వైపు చూసింది. తల వంచుకుని సంచిలో కార్డు వెతికాను. అప్పుడు తట్టింది నాకు. రెండు రోజులుగా ఆ బడిలో ఎవ్వరూ నాకు ఒక మాట రెండోసారి చెప్పలేదు. నేను "ఆఁ?" అని ఒక్కసారి కూడా అనలేదు. గాలి తేటదనం కాదు. గోడ పక్కన ట్రాక్టర్ల పాటలు పొద్దంతా మోగుతూనే ఉన్నాయి. మరి నాకు ఎలా వినిపించింది?

మూడో రోజు ఫారం సంచిలోనే ఉంచేసి చూడడం మొదలుపెట్టాను. ఒకసారి కనిపించాక ఇక అన్నిచోట్లా అదే కనిపించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే పిల్ల ఒక్కతీ లేదు. వెనక నుంచి కేక వేసేవాళ్లు లేరు. పిలవాలంటే ముందుకొచ్చి, కళ్లు కలిసేదాకా ఆగుతారు. ఆరో తరగతి పిల్లవాడు చీపురు అడగడానికి వచ్చి, నీళ్లు పట్టుకుంటున్న టీచర్ తల ఎత్తేదాకా నిలబడ్డాడు.

"ఎందుకు ఇట్లా మాట్లాడతారు?" అని పిల్లల్ని అడిగాను. వాళ్లకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

"మరి ఎట్ల మాట్లాడతరు మేడమ్?" అన్నారు.

హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వాడు. "నిజం చెప్పాల్నంటే నాక్కూడ తెల్వదు మేడమ్. నేనొచ్చి రెండేండ్లయితుంది. మొదటి రోజు బోర్డు దిక్కు తిరిగి పాఠం చెప్తుంటే ఏడో తరగతి పిల్ల లేచి ‘సార్, ముఖం’ అన్నది. ఏమన్నా అంటిందేమో అని రుమాలు తీసి తుడుసుకున్న. ‘అది కాద్సార్, మీ ముఖం కనబడ్తలేదు’ అన్నది. గప్పటికెల్లి నాకూ ఆదత్ అయింది. వంటవ్వను అడుగుండ్రి. అందరికంటే పాత మనిషి ఆమెనే."

అవ్వ వంటగది గడప మీద కూర్చుని రేపటి బియ్యం ఏరుతోంది. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. అడిగితే చాట పక్కన పెట్టి చెప్పింది.

"ఎన్కట ఒక పిల్ల ఉండె. పుట్టినప్పటి సంది చెవులు ఇనరావు. నిజామాబాద్ల అసొంటి పిల్లల హాస్టల్ల ఏస్తే, ఇంటి మీద రంది పెట్టుకొని తిండి మానేసింది. తోలుకొచ్చి ఈ బడిల ఏసిండ్రు. మూతి కదులుడు సూసి మాట తెలుసుకునేది. అప్పటి లెక్కల సారు మస్తు కడక్. ఆయనంటె పోరగాండ్లు వణుకుదురు. బోర్డు దిక్కు తిరిగి చెప్పుకుంటనే పోతుండె. ఒకనాడు ఈ పిల్ల పక్కన కూసునే పోరి లేసి, ‘సార్, మీరు బోర్డుతోని మాట్లాడుతుండ్రు, మాతోని మాట్లాడుతలేరు’ అన్నది."

"కొట్టాడా?"

"కొడ్తడనే అనుకున్నం. నేను కిటికీల నుంచి సూస్తున్న. చాక్‌పీసు కింద పెట్టిండు. మల్ల గా పిల్ల ముందటికొచ్చి, మొదటికెల్లి పాఠం షురూ జేసిండు. అగో, గానాటి సంది అందరు గట్లనే. బెల్లు ఇనరాదు గదా అని ఎర్ర గుడ్డ గూడ పిల్లలే తెచ్చిండ్రు, ఇంట్ల పాత చీర చింపి."

"ఇప్పుడు ఆ అమ్మాయి ఏ తరగతి?"

అవ్వ నవ్వింది. "ఏడున్నది బిడ్డా? పది పాసై పోయి ఆరేండ్లాయె. హైదరాబాద్ల కంప్యూటర్ పని చేస్తున్నదట. గా సారు రిటైరయ్యిండు. తక్కిన సార్లంత బదిలీ మీద పోయిండ్రు. ఇప్పుడున్న పిల్లలు గామెను సూడనే లేదు. పేరు గూడ తెల్వదు."

ఏ ఆర్డరూ లేదు, ఏ కాగితం మీదా రాసి లేదు. మొదట అట్లా చెప్పిన టీచర్ లేడు, ఎవరికోసం మొదలైందో ఆ పిల్లా లేదు. అయినా ఏటా ఏడో తరగతి వాళ్లు ఆరో తరగతిలోకి వచ్చినవాళ్లకు నేర్పుతున్నారు, ఎందుకో తెలియకుండానే. ఇరవై ఏళ్లలో ఎన్ని శిక్షణలకు వెళ్లాను, ఎన్ని మాడ్యూళ్లు చదివాను! పిల్లలు ఒక్క అమ్మాయి కోసం చేసుకున్న అలవాటు ఇప్పుడు తెలుగు రాని మరాఠీ పిల్లను పట్టుకుని నడిపిస్తోంది.

నేను అదే చెప్పబోతుంటే అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నీకు గూడ ఎడమ చెవి ఇనరాదు గద బిడ్డా?"

మా ఇంట్లో ఆయన కూడా ఇంత సూటిగా ఎప్పుడూ అడగలేదు.

"నీకెవరు చెప్పారవ్వా?"

"పిల్లలే. నువ్వొచ్చిన మొదటి రోజే, అన్నాలప్పుడు. ‘అవ్వా, మేడమ్‌కు కుడి దిక్కు కూసోవాలె’ అని ఒకరికొకరు చెప్పుకున్నరు."

మూడు రోజుల భోజనాలు కళ్ల ముందు తిరిగాయి. నిజమే. ఒక్కరు కూడా నా ఎడమ పక్క కూర్చోలేదు. ఏడు వందల మంది పిల్లలు, ముప్పై మంది టీచర్లు ఎనిమిదేళ్లలో పట్టుకోలేని దాన్ని ఈ అరవై మంది ఒక్క పూటలో పట్టుకున్నారు. పట్టుకుని, నన్ను ఒక్క మాట అడగకుండా, నన్ను చిన్నబుచ్చకుండా, జరిగి కూర్చున్నారు. అంతే. అవ్వ ముందు ఏడ్చాను. ఆమె వద్దనలేదు. చాట ఒళ్లోకి తీసుకుని బియ్యం ఏరుకుంటూ నా ఎదురుగానే కూర్చుంది.

ఫారంలో గదులు, మరుగుదొడ్లు, ల్యాబు, హాజరు అన్నీ రాశాను. ల్యాబు లేదని కూడా రాశాను. నేను చూసిందానికి అందులో కాలమ్ లేదు. రెండు కాగితాలు వేరే రాసి పిన్ను కొట్టి ఇచ్చాను. ఆఫీసులో తీసుకున్నాయన తిప్పి చూసి, "ఇది ఏ హెడ్డు కింద పెట్టాలె మేడమ్?" అన్నాడు. నాకూ తెలియదన్నాను. ఆ కాగితాలు ఎవరైనా చదివారో లేదో తెలియదు. బడి మాత్రం ఈ ఏడు కూడా నడుస్తోంది.

ఆ శనివారమే మా టౌన్లోని ఖలీల్‌వాడిలో చెవి డాక్టర్‌కు చూపించుకున్నాను. మిషన్ పెట్టుకోవడానికి నెల పట్టింది. దానికంటే కష్టమైంది మా పదో తరగతికి చెప్పడం. ఇంకా మిషన్ రాకముందే, ఆ సోమవారమే హాజరు తీసుకున్నాక చాక్‌పీసు పట్టుకోకుండా వాళ్ల ముందు నిలబడ్డాను.

"నాకు ఎడమ చెవి వినిపించదు. ఇన్నాళ్లు దాచాను. మీరు అడిగినవి చాలాసార్లు నాకు వినబడక, రాసి చూపించమన్నాను. ఇకనుంచి నా ముఖం చూసి చెప్పండి. నేనూ మీ ముఖం చూసే చెప్తాను."

అంతా ఒక్కసారిగా మారిపోయిందని చెప్పను. మొదటి వారం కొందరు నా ఎడమ వైపు చేరి ఈలలు వేశారు, మిగతావాళ్ల నవ్వులు చూస్తేనే నాకు తెలిసింది. ఏడుపొచ్చినంత పనైంది. కానీ మరుసటి సోమవారం క్లాసు అయ్యాక ఒక అమ్మాయి వెళ్లకుండా ఆగింది. మూడో బెంచీలో కూర్చునే పిల్ల. ఎప్పుడూ నోరు విప్పదు. మార్కులు రావు. చదువు మీద ధ్యాస లేదని ఆమె ప్రోగ్రెస్ కార్డు మీద నేనే రాశాను.

నా ముందుకు వచ్చి, నేను తల ఎత్తేదాకా ఆగి, "మేడమ్, నాకు బోర్డు కనబడ్తలేదు" అంది.

"ఎప్పటి నుంచి?"

"ఎనిమిదో తరగతికెల్లి."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చెప్పినంక చెప్పబుద్ధయింది."

నేను కుర్చీలోంచి లేచాను. మూడో బెంచీలో ఆమె చోట కూర్చుని బోర్డు వైపు చూశాను. నా చేతి రాత నాకు చక్కగా కనిపిస్తోంది. ఆమె పక్కనే నిలబడి ఉంది. "అదేం రాసుందో చదువు" అన్నాను. ఆమె కళ్లు చికిలించి, కాసేపు చూసి, "తెల్లగ ఉన్నది మేడమ్" అంది.

ఆ వారంలో ఇంకో నలుగురు వచ్చారు. ఇద్దరికి చూపు ఆనదు. ఒకడికి చదివేటప్పుడు అక్షరాలు తారుమారవుతాయట. ఒక అమ్మాయి పొద్దున ఏమీ తినకుండా వస్తుంది, మొదటి రెండు పీరియడ్లు కళ్లు తిరుగుతాయి. ఒక్కొక్కరి మాటా వాళ్ల ముఖం చూస్తూ విన్నాను. శనివారం మధ్యాహ్నం ముగ్గురు పిల్లలతో, వాళ్ల తల్లులతో కంటి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. మా వంతు వచ్చేదాకా ఆ మూడో బెంచీ అమ్మాయి నా కుడి పక్కన కూర్చుని, ఏమాత్రం ఆగకుండా మాట్లాడుతూనే ఉంది.