సబ్బు రాసిన స్క్రూ

వీధివీధంతా ఆయన్ని సబ్బు మేస్త్రి అనేది. వడ్రంగి జేబులో పెన్సిలుండటం మామూలే. ఈయన జేబులో సబ్బుముక్క కూడా ఉండేది. స్క్రూకి కాస్త సబ్బు రాస్తే చెక్కలోకి సులువుగా దిగిపోతుంది. మిగతావాళ్ళు ఒక తలుపు బిగించేలోగా ఈయన రెండు బిగించి చేతులు దులుపుకునేవాడు. సబ్బు చెమ్మ పీల్చి, స్క్రూని లోలోపలే తుప్పు పట్టిస్తుందని తెలియక కాదు. కొవ్వొత్తి రాయమని భార్య నెత్తీనోరూ బాదుకునేది.

"అది తుప్పు పట్టేనాటికి మనం ఉంటామా ఏంటి?" అని నవ్వేసేవాడు.

ఉన్నారు మరి. తుంటి ఎముక విరిగి ఆవిడ రెండు నెలలుగా ఆసుపత్రిలోనే ఉంది. ఇంటికి పంపాలా, వృద్ధాశ్రమానికి పంపాలా అన్నది ఆ సాయంత్రం నాలుగింటికి నర్సు వచ్చి, ఇల్లు చూసి తేలుస్తుంది. చక్రాల కుర్చీ స్నానాలగదిలోకి పట్టాలి. తలుపు బార్లా తెరిచినా వేలెడు చోటు చాలడం లేదు. తలుపు ఊడదీస్తే సరిపోతుంది. దాన్ని బిగించింది కూడా ఈ మహానుభావుడే.

"నన్ను అక్కడికి పంపించకండి" అని ఆవిడ నిన్ననే ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది.

ఐదు స్క్రూలు మూలుగుతూనే వచ్చాయి. కింది మడతబందులోని ఆరోది మొండికేసింది. నూనె పోశాడు. సుత్తితో తట్టాడు. ముందు బిగించే వైపు కాస్త తిప్పి, అప్పుడు వదులు చేసే వైపు తిప్పాడు. గాడి అరిగిపోయిందే గాని అది కదల్లేదు.

పక్కింటి ఎలక్ట్రీషియన్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "బాబాయ్, నా డ్రిల్లుతో రెండు నిమిషాల పని. తెచ్చేదా?"

"నేను బిగించింది నేను తీసుకోలేనా? నీ పని చూసుకో పో."

పాడు పంతం. మూడున్నర దాటాక, ఇనుము కోసే రంపంతో దాని తల మీద కొత్త గాడి కోసి, ఒళ్ళంతా బరువేసి తిప్పితే కీచుమంటూ ఊడింది. చేతులు భుజాల దాకా వణుకుతున్నాయి. అయినా ఖాళీ కుర్చీని రెండుసార్లు లోపలికీ బయటికీ తోసుకుని పసిపిల్లాడిలా సంబరపడ్డాడు.

నర్సు వచ్చింది. కొలిచి, బాగుందంది. తర్వాత తనే ఆ కుర్చీలో కూర్చుంది.

"తాతగారూ, నేను మీ ఆవిడ్ని అనుకోండి. కాళ్ళు కదపను. నన్ను లేపి ఆ స్నానం బల్ల మీద కూర్చోబెట్టండి."

చంకల కింద చేతులు పెట్టి ఎత్తాడు. సగంలోనే వేళ్ళు పట్టు తప్పాయి. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అంతే.

"ఒక్క అరగంట ఆగమ్మా. పొద్దున్నుంచీ ఈ తలుపుతో కుస్తీ పట్టాను."

"ఆవిడకి అవసరమైనప్పుడు అరగంట ఆగగలరా తాతగారూ?" అని మెల్లగా అని, తలెత్తకుండానే కాగితం మీద రాసుకుంది.

మర్నాటికి చేతులు సర్దుకున్నాయి. ఆశ్రమంలో భార్యను కుర్చీలోంచి మంచం మీదికి ఆయనే ఎత్తి పడుకోబెట్టాడు, ఎక్కడా తడబడకుండా.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఇంత బాగా ఎత్తారుగా. మరి నిన్నేమైంది?"

స్క్రూ సంగతి చెప్పాడు. సబ్బు సంగతి చెప్పలేదు. ఆవిడకది చెప్పనక్కర్లేదు.