కమాన్లు మార్చిన మోటారు

ఈ రోజు గురువారం. మూడు శేర్ల జొన్నలు విసిరాను, కందిపప్పు చెరిగాను, అత్త నడుముకు రెండుసార్లు కాపడం పెట్టాను.

మా ఆయన దగ్గర రేసుల కోసం చేసిన పాత మోటారు కారు ఉంది. సీట్లు రెండే. చక్రాల మీద కుదుపును ఆపే కమాను పట్టీలు అరిగి, గుంతలో పడితే వెన్ను కలుక్కుమంటుంది. రేపు అత్తను అందులోనే బీదరు దవాఖానకు తీసుకుపోవాలి. అందుకని కమ్మరి మల్లయ్య పాత లారీ కమాను పట్టీలు కోసి, కొలిమిలో కాల్చి, వంచి, నూనెలో చల్లార్చి రెండు వైపులా బిగించాడు.

"పెద్దమ్మంత బరువు పక్క సీట్ల పెట్టి తిప్పి చూడాలె పటేలా," అన్నాడు. మా ఆయన జొన్నల బస్తా ఎత్తబోయాడు.

"బస్తాకు నొప్పి తెలుస్తదారా? నీ పెండ్లాన్ని ఎక్కించు," అంది అత్త మంచం మీది నుంచి.

పెద్దల ముందు మొగుడి పక్కన కూర్చోవడం మా ఇంట్లో లేదు. ఆ కట్టడి పెట్టింది అత్తే. నేను గడప దాటలేదు.

"ఏందే, నా నడుముకన్న నీ సిగ్గు ఎక్కువా? ఎక్కు జల్దీ!"

ఎక్కాను. మనూరు తోవలో గుంతలన్నీ తిరిగి వచ్చాం. వెన్నుకు ఒక్కటీ తగలలేదు.

"నొప్పి కాదత్తా, భయపడకు," అన్నాను.

"నీ మొకం చూస్తేనే తెలుస్తున్నది," అంది.

ఇది చదివే అక్కల్లారా, మీ ఇండ్లలో ఇటువంటి కట్టడి ఏ పని మీద సడలిందో రాయండి. మోటారు కొన్ననాడు, ఒక్కసారైనా ఎక్కించుకుని తిప్పుతానని మా ఆయన నాకు మాటిచ్చాడు. తొమ్మిదేళ్ల బాకీ. ఈ రోజు చెల్లింది.