మైకులో మా బావ

మా బావ నోరు మూతపడి చాలా కాలమైంది. వీధికి మాత్రం ఆ సంగతి తెలియదు. కారణం, ఆయన తోపుడుబండికి కట్టిన మైకు డబ్బా. "ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలు! కోసేటప్పుడు ఏడవండి, కొనేటప్పుడు ఏడవకండి!" అని పొద్దుట్నుంచీ అది బావ గొంతుతోనే కేకలు పెడుతుంది. ఆ మాటలు రికార్డు చేసిన రోజుల్లో బావ నిజంగానే అంత హుషారు మనిషి. నేను గోడలకు రంగులేస్తాను కదా, కనబడితే చాలు, "రావోయ్ రంగుల దొరా" అని ఆటపట్టించేవాడు. ఇప్పుడు పక్కన కూర్చున్నా పలకడు.

"మీ ఆయన భలే సరదా మనిషమ్మా, అదృష్టవంతురాలివి" అని అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లు అక్కతో అనేవాళ్లు. ఆ సరదా మనిషి ఇంటికొచ్చి, ఉన్న ఒక్క గదిలో పిల్లలకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. కంచం ముందు కూర్చుంటే ముద్ద కలిపీ కలిపీ వదిలేసేవాడు. "ఆ డబ్బాని లోపలికి తెచ్చి నువ్వు బండి మీద పడుకో, ఇంట్లో మాటలైనా వినపడతాయి" అని అక్క దెప్పేది. దెప్పాక పంపు దగ్గరికెళ్లి కళ్లు తుడుచుకునేది. మనిషి కళ్లముందే ఉండి చేజారిపోతున్నాడని అక్క భయం.

సలహాలకు మాత్రం కరువు లేదు. చిన్నాన్న గ్యాసన్నాడు. వీధి చివర క్లినిక్ డాక్టరు మొహమైనా చూడకుండా బలానికి టానిక్ రాసిచ్చాడు. డిప్రెషనేమోనని నేను నోరు జారితే చిన్నాన్న పకపకా నవ్వాడు.

"అది ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకొచ్చే జబ్బురా. ఎండలో బండి తోసేవాడికి అంత తీరికెక్కడిది?"

జబ్బు కూడా మనిషి స్తోమత చూసుకునే వస్తుందని మావాళ్ల గట్టి నమ్మకం. బావ టానిక్ తాగి మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఇంతలో వానకు తడిసి డబ్బా కూడా మూగబోయింది. నేను కొత్తది తెచ్చిచ్చి, మాటలు రికార్డు చేసుకోమని చెప్పి నీళ్లు పట్టడానికి వెళ్లాను. తిరిగొచ్చి అయిందా అనడిగితే, "అయింది" అంది అక్క ముక్కు ఎగబీలుస్తూ. జలుబనుకున్నాను. కొత్త వస్తువు మోజులో బండి వెంట నేనూ బయల్దేరాను.

అపార్ట్‌మెంట్ల మధ్య బండి ఆపి బావ మీట నొక్కాడు. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత వీధంతా మోగేలా బావ గొంతు: "పొద్దున లేవాలంటేనే భయమేస్తోందే. బండి తోస్తుంటే ఏడుపొస్తోంది. ఎందుకో తెలీదు." వెనకాలే అక్క గొంతు: "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదయ్యా?" ఆ తర్వాత నీరసంగా, "ఉల్లిపాయలు... ఉల్లిపాయలు."

మాట పెగలక బావ తంటాలు పడుతున్నప్పుడే రికార్డు మీట నొక్కి ఉందని మొగుడూపెళ్లాలిద్దరూ చూసుకోలేదు. బావ కంగారుగా ఆపబోయాడు. వేరే మీట తగిలి అది మళ్లీ మొదట్నుంచీ మోగింది. నాకు తల కొట్టేసినట్టయింది. వీధి మాత్రం పగలబడి నవ్వింది. రెండో అంతస్తు ఆవిడ బాల్కనీలోంచి వంగి, "కొత్త జోకు అదిరిందయ్యా! రెండు కిలోలు తూచు" అంది. మిగతావాళ్లూ సంచులతో దిగారు. మా బావ బాధకు అంత గిరాకీ ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నవ్వనిది ఒక్కతే, గేటు పక్కన బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. పెట్టె పక్కన పెట్టి బండి దగ్గరికొచ్చింది.

"ఎప్పట్నుంచి అన్నా?"

బావ బండి మీది ఉల్లిపాయలు అటూ ఇటూ సర్దసాగాడు.

"నాకూ ఇంతే. బట్టలు మడతపెడుతూనే ఏడ్చేదాన్ని. మా అత్త పొగరనేది. పెద్దాసుపత్రిలో దీనికి డాక్టరమ్మ ఉంది. కసురుకోదు, కూర్చోబెట్టి అడుగుతుంది. మందులిస్తుంది. రేపు నేనెళ్తున్నా, నువ్వూ రా. వదిన్ని కూడా తీసుకురా."

బావ బండి వదిలి ఆమెకు దగ్గరగా వచ్చాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నీకు నిద్ర పట్టేదా?"

"ఎక్కడ పట్టేది అన్నా."

"నాకూ పట్టదు. పడుకుంటే గుండె దడదడలాడుతుంది. పిల్లలు పిలిచినా చిరాకే..."

డబ్బాలోంచి కాకుండా బావ గొంతు విని ఎన్నాళ్లయిందో! "బావా, కిలో ఎంత చెప్పను?" అని కేకేశాను. వినిపించుకోలేదు. ఇస్త్రీ బల్ల పక్కన గోడకానుకుని కూర్చుని ఆమెతో చెబుతూనే ఉన్నాడు. జనం సంచులు చాపి తొందరపెడుతుంటే తక్కెడ నేనే పట్టుకున్నాను. ఆ పూట ఎవరికెంత తూచానో నాకే తెలియదు.