ఆకు చెప్పని నాయన, కోడు చూపని సారు

ఆ రోజుల్లో నాకు కోపం రాని పూట ఉండేది కాదు. ఇప్పుడు ఆఫీసులో అందరూ నన్ను నిదానం మనిషి అంటుంటే లోలోపల నవ్వుకుంటాను గానీ, కాలేజీ వయసులో నేను గిన్నె కింద పెడితే వీధి చివరికి వినిపించేది. ఆ కోపానికి మూలం మా వంటింటి తలుపు. మాది పుత్తూరు పక్కన ఒక పల్లె. నాయన విరిగిన ఎముకలకు ఆకుపసరు వేసి కట్లు కట్టేవాడు. (పేరున్న వైద్యుల దగ్గరికి పోయేవాళ్ళు నేరుగా పుత్తూరుకే పోతారు. అక్కడిదాకా పోలేనివాళ్ళూ, మా ఊరి మలుపులోనే బండి మీదనుంచి పడ్డవాళ్ళూ మా ఇంటికి వచ్చేవాళ్ళు.) ఆకు నూరే వేళకు అమ్మనీ నన్నూ బయటికి పంపేసి, అన్నను మాత్రం లోపల కూర్చోబెట్టుకుని నాయన తలుపు గడియ వేసేవాడు. కరివేపాకుకూ వేపాకుకూ తేడా తెలియని మా అన్నను! నేనేమో గడప బయట నిలబడి రోటి చప్పుడు వింటూ పళ్ళు నూరుకునేదాన్ని. ఎందుకని అడిగితే నాయనది ఒకటే మాట, "ఆడబిడ్డవి, ఇంకో ఇంటికి పొయ్యేదానివి. నీతో పాటు మందు గూడా పోతాది." ఆ మందును నేనేదో చీర కొంగున కట్టుకుని పారిపోతానన్నట్టు చెప్పేవాడు.

తిరుపతిలో ఇంజనీరింగు కాలేజీలో చేరాక ఈ తలుపుల గోల వదిలిందనుకున్నాను. అక్కడ మాకు లినక్స్ ల్యాబు ఉండేది. నల్లటి తెర మీద ఎల్, ఎస్ అని రెండక్షరాలు కొడితే ఫోల్డరులో ఉన్న ఫైళ్ళన్నీ వరసగా వచ్చి నిలబడేవి. ఆ రెండక్షరాలకు అంత పని చేయమని ఎవరో ఒక మనిషి కూర్చుని రాసి ఉండాలి కదా, ఆ రాసిన సోర్సు కోడు ఎక్కడుంటుంది సార్ అని అడిగాను. మా సారును అందరం రికార్డు సారు అనేవాళ్ళం. ప్రోగ్రాము నడిచినా నడవకపోయినా, రికార్డు పుస్తకంలో మార్జిను సరిగా గీశామా లేదా అన్నదే ఆయన చూసేవాడు. ఒకసారి మోటారు సైకిలు మీదనుంచి పడి మణికట్టు బెణికితే మా నాయన దగ్గరే కట్టు కట్టించుకున్నాడు కూడా. ఆయన నావైపు చూసి, క్లాసంతా వినేలా, "అది కంపెనీవోళ్ళ గుట్టమ్మా. బయట యాడా దొరకదు. మీ నాయన ఆకు పేరు సెప్తాడా? ఇదీ అంతే" అన్నాడు. క్లాసు గొల్లుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో ఒక తలుపు చాలదన్నట్టు ఇక్కడ ఇంకొకటా? ఆ నెల సెమినారులో ఆ కోడు తెచ్చి చూపిస్తానని అక్కడికక్కడే అనేశాను. తేకపోతే ల్యాబు రికార్డంతా మొదటినుంచి మళ్ళీ రాయాలని సారు అన్నాడు. ఆ రికార్డు ఎంత లావో తెలిసినవాళ్ళకు నా పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు.

ఇక వెతుకులాట. ఆ కమాండు మిషన్లో ఏ మూల ఉందో ఒక సీనియరు చెబితే ఆ ఫైలు పట్టుకుని తెరిచాను. లోపలంతా డబ్బాలూ, ప్రశ్న గుర్తులూ, ఏ దేశానివో తెలియని వంకర అక్షరాలూ! ఇదే సోర్సు కోడు, మహా మేధావులు ఇలాగే రాస్తారు కాబోలు అని పొంగిపోయాను. (నవ్వకండి, అప్పటికి నాకున్న తెలివి అంతే.) పెన్‌డ్రైవులో వేసుకుని కాలేజీ గేటు ఎదుటి జిరాక్సు షాపుకు పోయి ప్రింటు తీయమన్నాను. మిషను మొదలుపెట్టింది, ఆపలేదు. కాగితం వెనక కాగితం, ఒక్కోదాని మీద ఒక్కో పిచ్చి గీత. షాపాయన పరుగున వచ్చి ప్లగ్గు పీకేసి, "ఏం పాపా, మా మిషనుకు దయ్యం పట్టిచ్చినావా? ఈ రాతలేంది? ఎవురికైనా చేతబడా?" అని అరిచాడు. ఇది కంప్యూటరు శాస్త్రం, మీకు అర్థం కాదు అని నేనూ అరిచాను. నాకూ అర్థం కాలేదని మాత్రం చెప్పలేదు. ఆయన ఆ కట్ట నా చేతిలో పెట్టి, ఇక మీదట ఎదుటి షాపుకు పొమ్మన్నాడు.

హాస్టలుకు వచ్చి మంచం మీద ఆ కాగితాలు పరుచుకుని చూస్తుంటే అప్పుడు వెలిగింది. నేను తెచ్చింది నూరి, ఉడికించి, కట్టిన కట్టు. కట్టును ఎంతసేపు చూసినా లోపల ఏ ఆకు పడిందో తెలుస్తుందా? మనిషి చదవగలిగేలా రాసింది వేరే ఉంటుంది, మిషను కోసం దాన్ని మార్చాక మిగిలింది ఈ పిచ్చి గీతలు. మర్నాడు ల్యాబులో అదే ఎల్, ఎస్ పక్కన వెర్షను చూపించమని కొట్టాను. తెర మీద నాలుగైదు వరసలు వచ్చాయి. అందులో ఈ కమాండు ఏ మూటలోదో ఆ మూట పేరు ఉంది, కోర్‌యుటిల్స్ అని. రాసినవాళ్ళ పేర్లున్నాయి. మధ్యలో ఒక వాక్యం ఉంది. ఇది స్వేచ్ఛగా ఇచ్చినది, నువ్వు మార్చుకోవచ్చు, ఇంకొకరికి పంచుకోవచ్చు అని. నాకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఏళ్ళ తరబడి ఈ మాట ఇదే ల్యాబులో, సారు ముక్కు కిందే ఉంది. ఒక్కసారి అడిగి ఉంటే ఆ మిషనే చెప్పేది. గుట్టు అన్న మనిషి ఏనాడూ తలుపు తోసి చూడలేదు, అది అసలు వేసే లేదు!

ఆ వారాంతం ఊరికి పోతూ బస్సులో కూర్చుని, నెట్‌లో వెతికి, ఫోనులోకి ఆ మూట సోర్సు కోడు దించుకున్నాను. వడమాలపేట దగ్గర సిగ్నలు పోతే ఆ టవరును కూడా తిట్టాను. మూటంతా దిగాక చూస్తే, ఎల్ఎస్ ఒక్కటే కాదు, మేం రోజూ కొట్టే కమాండ్లు బోలెడు ఆ మూటలో ఉన్నాయి. అందులో ‘ట్రూ’ అని ఒకటుంది. దాని పని ఏమీ చేయకపోవడం, చేయకుండానే పని బాగా జరిగిందని చెప్పడం. (మా అన్నకు సరిపోయే ఉద్యోగం.) ఆ మాత్రానికి కూడా ఎవరో ఓపిగ్గా పేజీడు రాసి, పైన పేరు పెట్టుకుని, తీసుకోండని ఇచ్చారు. ఇంటికి పోగానే ఫోను నాయన ముందు పెట్టి అంతా వివరించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఊరికే సూపిస్తారా? ఎవురన్నా మారిస్తే?"

"మార్చుకోవచ్చు నాయనా. మార్చి ఇంకొకరికి ఇస్తే మాత్రం, ఆ మార్చింది గూడా సూపియ్యాల."

"మంచి పద్ధతే" అని మెచ్చుకున్నాడు. తర్వాత లేచి, ఎవరో చేయి విరిగినాయన వచ్చాడని నన్ను బయటికి పంపి, అన్నను పిలుచుకుని తలుపు గడియ వేశాడు.

సెమినారు రోజు నేను తెర మీద కోడు పెట్టగానే రికార్డు సారు ముందు నమ్మలేదు, ఇది పాతదయ్యుంటుంది, కొత్తది ఇవ్వరు అన్నాడు. ఆయన మిషను మీదే వెర్షను కొట్టి చూపించాను. ఆయన ఆ వాక్యం చదివి, "సరేమ్మా, బాగుండాది. ఇదంతా రికార్డులో రాసుకొని రా" అన్నాడు. వేల వరసల కోడు, చేత్తో! గెలిచిన తర్వాత కూడా ఏడుపు వస్తుందని ఆ రోజు తెలిసింది. చివరికి ఏమీ చేయని ఆ ‘ట్రూ’ను నీలం సిరాతో రాసి, మార్జిను గీసి పట్టుకుపోతే, ఆయన సంతకం పెట్టేశాడు.

తర్వాత చాలా ఏళ్ళకు నాయనే బట్టలుతికే బండ దగ్గర జారి కుడి చేయి విరగ్గొట్టుకున్నాడు. బెంగళూరులో ఉన్న అన్నకు ఫోను చేస్తే, "నాయన సెప్పేటప్పుడు నేను సరిగా యినలేదు మే" అన్నాడు. తిరుపతినుంచి నేనే పోయాను. ఇక దారి లేక నాయన నన్ను వంటింట్లోకి పిలిచి, గడియ వేయమని, గొంతు తగ్గించి ఆకు పేరు చెప్పాడు. మా పెరటి కంచె మీద పెరిగేదే. చిన్నప్పుడు నేనే కోసి మేకలకు వేసేదాన్ని!

"దీనికా నన్ను ఇన్నేండ్లు బయట నిలబెట్టినావు?" అన్నాను.

"ఆకుదేముండాది. యాడికి నూరి ఆపల్లో సేతికి తెలియాల. నూరు. ఎవురికీ మాత్రం సెప్పొద్దు." నొప్పితో ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే సరేనన్నాను.

నాయన ఇప్పుడు లేడు. ఆదివారాలు ఊరికి పోయినప్పుడు ఎవరైనా వస్తే నేనే నూరుతున్నాను. మొన్న సెలవులకు వచ్చిన అన్న కూతురు గడప దగ్గర నిలబడి, "అది ఏం ఆకు అత్తా?" అని అడిగింది. చెప్పకూడదమ్మా అన్నాను. ఆ మాట నోరు దాటాక గానీ అది రికార్డు సారు గొంతని నాకు తెలియలేదు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది, చేతిలోని గిన్నె ఠంగుమని కింద పెట్టింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఎన్నేళ్ళకు విన్నానో, ముచ్చటేసింది. నాయనకిచ్చిన మాట మాటే కాబట్టి ఆకు పేరు ఇప్పటికీ చెప్పలేదు, మీరూ అడగొద్దు. ఆ పిల్లను మాత్రం పెరట్లోకి పోయి కంచె మీదిది ఒక గుప్పెడు కోసుకురమ్మన్నాను. వచ్చేసరికి రోలు కడిగి పెట్టాను, తలుపు తెరిచే ఉంచాను.