మూసేముందు పిలవాలి

పురపాలక సంఘానికి చట్టం ప్రసాదించిన అధికారాలు సామాన్యమైనవి కావు. మనుషులున్న వీధిలో మురుగు తీయించడానికి వాటి బలం చాలకపోవచ్చు గాని, మనుషులు లేని ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి మాత్రం పుష్కలంగా సరిపోతుంది. కప్పు కూలి, అడిగే నాథుడు లేక, పాములకూ పేకాటరాయుళ్లకూ నిలయమైన ఇంటికి ముందు నోటీసు అంటిస్తారు. గడువు దాటితే కిటికీలూ గుమ్మాలూ ఇటుకలతో మూసేస్తారు. ఆ మహత్కార్యం చాలా ఏళ్లుగా ఒకే మనిషి చేతుల మీదుగా జరుగుతోంది. ఊళ్లో అతన్ని మూతల మేస్త్రీ అంటారు.

కుర్రతనంలో అతను ఇళ్లు కట్టేవాడు. కట్టించుకున్నవాళ్లు గోడ వంకరనేవారు, గుమ్మం పొట్టిదనేవారు. మూసేసిన ఇంటికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. అందుకే ఈ ఉద్యోగంలో మనశ్శాంతి ఉందని భార్యతో అనేవాడు. ఆవిడ మాత్రం అతను పనినుంచి రాగానే, చావింటి నుంచి వచ్చినట్టు, చొక్కా పెరట్లోనే విప్పించేది.

పనికో నియమం ఉంది. ఆఖరి గుమ్మం మూసేముందు మేస్త్రీ లోపలికి తల పెట్టి, "ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా పిలవాలి. మనిషి పలికితే పని ఆపాలి. యజమానే పలికితే మరమ్మతుకు గడువివ్వాలి. ఇన్నేళ్లలో అతనికి బదులిచ్చినవి పిల్లులు, ఓసారి మాత్రం ఓ తాగుబోతు.

ఆ వారం అతనికి అప్పజెప్పిన ఇల్లు సొంత అన్నయ్యది. అన్నయ్య టైలరు. ఏడేళ్ల కిందట ఓ మధ్యాహ్నం దారపు ఉండలు తెస్తానని వెళ్లి, ఇంతవరకూ తేలేదు. వానలకి వెనకగది కప్పు కూలాక వదిన మేస్త్రీ ఇంటి పక్కగదిలోకి మారింది. అయినా రోజూ పొద్దున్నే వెళ్లి, నిలిచి ఉన్న ముందుగదీ వసారా ఊడ్చి వచ్చేది.

"రేపు నువ్వు పిలుస్తావు కదా మరిదీ," అంది భోజనాల దగ్గర.

"పిలుస్తాను వదినా. రూలు."

"ఎవరో పలికారని చెప్పెయ్. నీ సొమ్మేం పోయింది?"

"లేని మనిషి పలికాడని ఎలా చెప్పను? ఓవర్సీరు లోపలికెళ్లి వెతుకుతాడు."

"వెతకనీ. ఈలోగా ఓ వానాకాలం గడిచిపోతుంది. మీ అన్నయ్య వచ్చేసరికి గుమ్మం ఉన్నచోట గోడ ఉంటే, ఎక్కడికని వెళ్తాడు?"

తిన్నగా నా నెత్తి మీదకే వస్తాడులే అనబోయి, మేస్త్రీ ముద్ద మింగాడు.

మర్నాడు కిటికీలు ఒక్కొక్కటే మూస్తుంటే ఇల్లు లోపల్నుంచి చీకటి పడుతూ వచ్చింది. ఓవర్సీరు సందు మొదట జీపులో కూర్చుని ఫోన్లో ఎవరినో కేకలేస్తున్నాడు. వదిన మేస్త్రీ వెనకే నిలబడింది. అతను గుమ్మంలో తల పెట్టాడు. చెమ్మవాసన, దాని వెనకాల కుట్టుమిషను నూనె వాసన. రూలు ప్రకారం అడగాల్సిన మాట అడగలేదు.

"అన్నయ్యా," అన్నాడు.

ఖాళీ ఇల్లు పిలుపును తిప్పి పంపిస్తుందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. కాని వెళ్లింది "అన్నయ్యా" అని. వచ్చింది "వస్తున్నా" అని. వెనకగదిలోంచి, నింపాదిగా, పెదాల మధ్య సూది పెట్టుకుని మాట్లాడే మనిషి గొంతుతో. ఆ వెనకగది నిండా కూలిన కప్పే పడి ఉంది. అక్కడ పిల్లి నిలబడే చోటు కూడా లేదని అతను పొద్దున్నే చూసొచ్చాడు.

ఇక అబద్ధం ఆడే అవసరం తీరిపోయింది. సందు మొదటికి తిరిగి, "ఓవర్సీరుగారూ" అనబోయాడు.

"పిలవకు," అంది వదిన.

"విన్నావా?"

"విన్నాను. వడ్డించిన కంచం ముందు కూర్చుని ఇరవై ఏళ్లు ఇదే విన్నాను. మీ అన్నయ్య వస్తున్నా అన్నాడంటే రానట్టే." గుమ్మంలోని చీకటి వంక కాసేపు చూసింది. "మూసెయ్."

ఓవర్సీరు జేబులో ఫోను పెట్టుకుంటూ వచ్చాడు. "ఎవరైనా పలికారా?"

"లేదండీ," అని వదినే చెప్పింది.

మేస్త్రీ ఒక్కో వరస పేర్చి, ఆగి, చెవి పెట్టాడు. లోపల ఎవరో గుమ్మం వైపే నడిచి వస్తున్నట్టుంది. ఎంతకీ చేరడం లేదు. పై వరస పూర్తిచేసి, చేతులు కడుక్కుని, వదిన ముఖం చూడకుండా అన్నాడు:

"సిమెంటు గట్టిపడేదాకా రోజూ గోడ తడపాలి. రేపు పొద్దున్నే రావాలి."

"నువ్వెందుకులే," అంది వదిన. "ఎలాగూ నేను వస్తానుగా."